రెండు కాసుల లెక్క

ఆదివారం ఆరాధనలో కానుకల సంచి తిరిగే ఆ నాలుగైదు నిమిషాలను మనలో చాలామందిమి ఆరాధనలో భాగంగా లెక్కించం. ఒక పాట ముగిసి ప్రసంగం మొదలయ్యేలోగా దొరికే చిన్న విరామంలా చూస్తాం. పిల్లల చేతిలో పది రూపాయల నోటు పెడతాం. పర్సులో వేళ్లు తడుముతాం. ఈ మధ్య అయితే గుమ్మం దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్ ముందు ఫోను పెట్టి పని ముగించేస్తున్నాం. కానీ యేసుప్రభువు యెరూషలేము దేవాలయంలో గడిపిన చివరి వారంలో, సిలువకు కొద్ది రోజుల ముందు, సరిగ్గా ఆ సమయాన్నే ఎంచుకున్నాడు. కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. ఎవరు ఎలా వేస్తున్నారో చూస్తూ ఉండిపోయాడు (మార్కు 12:41). ప్రభువు కన్ను పడిన చోటును మనం విరామమనుకోవడం సబబేనా?

ఆ రోజు ఆయన చూసింది మనందరికీ తెలుసు. ధనవంతులు వచ్చి ధారాళంగా వేశారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. ఆమె పేరు ఎవరూ రాయలేదు. ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు కూడా లేదు. దేవాలయంలో బూర ఆకారంలో మూతులున్న 13 కానుకపెట్టెలు ఉండేవని యూదుల మిష్నా గ్రంథం చెబుతోంది. కాగితపు నోట్లు లేని కాలం కాబట్టి, ఎవరి కానుక ఎంతటిదో చప్పుడే చాటి ఉంటుంది. ఆ చప్పుళ్ల మధ్య రెండు పలుచని రాగి బిళ్లలు పడితే ఎవరికి వినిపిస్తాయి? వినిపించుకున్నవాడు ఒక్కడే.

ఆ రెండు కాసుల విలువెంతో కాస్త లెక్క కట్టి చూద్దాం. కాసు అప్పటి నాణేలన్నింటిలోకీ చిన్నది. రెండు కాసులు కలిస్తే రోమీయుల లెక్కలో ఒక కొద్రాంతు. అలాంటివి 64 కలిస్తే ఒక దేనారము. ద్రాక్షతోట కూలీల ఉపమానాన్ని బట్టి ఒక దేనారము ఒక రోజు కూలి (మత్తయి 20:2). అంటే ఈనాడు మన ఊళ్లో రోజు కూలి 640 రూపాయలనుకుంటే, ఆ తల్లి వేసినది సరిగ్గా 10 రూపాయలు! మనం పిల్లల చేతికిచ్చి సంచిలో వేయించే నోటే అది. మనకు అది చిల్లర, ఆమెకు అది ఆ పూట బతుకు. రెండు నాణేలున్నాయి కాబట్టి ఒకటి వేసి ఒకటి దాచుకునే అవకాశం ఆమెకుంది. సగం ఇచ్చినా ఆమెను మించిన దాత ఆ రోజు ఉండేవారు కాదు. అయినా రెండూ వేసింది.

ప్రభువు అప్పుడు శిష్యులను దగ్గరకు పిలిచి, మిగతా వారందరికంటే ఈమే ఎక్కువ వేసిందని చెప్పాడు. వాళ్లు తమకు పొంగిపొర్లే దానిలోంచి తీసి వేశారని, ఈమె తన లేమిలోంచి తీసి జీవనమంతా వేసిందని వివరించాడు. ఇక్కడ దేవుని కొలమానం మన కొలమానానికి పూర్తిగా తలకిందులైంది. మనం సంచిలో ఎంత పడిందో లెక్కపెడతాం. ఆయన ఇచ్చినవారి చేతిలో ఎంత మిగిలిందో లెక్కపెట్టాడు. లక్ష ఇచ్చిన ధనవంతుడి ఇంట్లో ఆ రాత్రి భోజనంలో ఒక కూర తగ్గలేదు. రెండు కాసులిచ్చిన ఆమె ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలియదు. త్యాగానికి, దానానికి ఉన్న తేడా ఇదే. ఇచ్చిన తర్వాత మన జీవితంలో ఏదైనా మారితే అది త్యాగం. ఏమీ మారకపోతే అది మంచి దానమే కావచ్చు కానీ, దాన్ని త్యాగమనుకుని సంతృప్తిపడకూడదు.

ఇంతవరకూ మనం చాలా ప్రసంగాల్లో విన్నదే. అయితే ఈ వృత్తాంతానికి ముందు ఏముంది, తర్వాత ఏముంది అన్నది సాధారణంగా వినం. లూకా సువార్త 20వ అధ్యాయం చివరి వచనం, 21వ అధ్యాయం మొదటి వచనాలు ఆపకుండా కలిపి చదవండి. అధ్యాయాల విభజన లూకా చేసింది కాదు, శతాబ్దాల తర్వాత వచ్చింది. దీర్ఘ ప్రార్థనలు చేస్తూనే విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు శిష్యులను హెచ్చరించాడు. ఆ మాట గాలిలో ఉండగానే ఆయన తలెత్తి చూస్తే, ఒక విధవరాలు తనకున్న చివరి కాసులు పెట్టెలో వేస్తూ కనిపించింది! ఆ వెంటనే, అందమైన రాళ్లతో, దాతల అర్పితాలతో మెరిసిపోతున్న ఆ ఆలయాన్ని కొందరు పొగుడుతుంటే, వీటిలో రాయి మీద రాయి నిలవని రోజొస్తుందని ఆయన చెప్పాడు. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ ఆలయాన్ని నేలమట్టం చేసింది. దాతల అర్పితాల మెరుపు దానితోనే పోయింది. రెండు కాసుల లెక్క మాత్రం ఈరోజుకీ మన దగ్గర ఉంది.

కాబట్టి ఆ తల్లి కథలో మెప్పు ఒకటే లేదు, హెచ్చరిక కూడా ఉంది. మెప్పు ఆమెకు, హెచ్చరిక ఆమె కాసులను అందుకున్న వారికి. ప్రభువు ఆమెను ఆపలేదు, ఆమె కానుకను తక్కువ చేయలేదు. కానీ, ఇంకా వేయమని ఆమెను అడిగింది కూడా లేదు. ఆయన పాఠం చెప్పింది తన శిష్యులకు. తనకోసం వలలు, పడవలు విడిచామనుకుంటున్న వాళ్లకు ఆమెను చూపించి, పూర్ణ హృదయమంటే ఇదీ అన్నాడు. మరి ఈరోజు ఏం జరుగుతోంది? కలిగినవాళ్లు తమకు తాము చెప్పుకోవలసిన ఆ కథను, లేనివాళ్లకు చెబుతున్నారు. నెలకు పింఛను తప్ప వేరే ఆధారం లేని ముసలమ్మ ముందు నిలబడి, ఆ విధవరాలు జీవనమంతా వేసింది చూశావా అని అడుగుతున్న బోధకులు మన మధ్య లేరా? త్యాగం ఇచ్చేవారు తమంతట తాము ఎంచుకునేది. ఒకరు మరొకరి మీద మోపితే అది త్యాగం కాదు, వసూలు.

ధర్మశాస్త్రం విధవరాలి గురించి ఏం చెప్పిందో గుర్తు చేసుకుందాం. మూడవ సంవత్సరపు పదియవ వంతు లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని వారికి, విధవరాండ్రకు చెందాలి, వాళ్లు తిని తృప్తి పొందాలి (ద్వితీయోపదేశకాండము 26:12). అంటే దేవుని ఏర్పాటులో ఆ తల్లి పుచ్చుకోవలసిన వరుసలో ఉండాలి. కోతలో మరచిన పన, ఒలీవ చెట్టు మీద మిగిలిన కాయ, ద్రాక్షతోటలో వదిలిన పరిగె ఆమెవి. ఆమె చేతిలో రెండే కాసులు మిగిలాయంటే, ఎక్కడో ఎవరో ఆమె వంతు ఇవ్వలేదన్నమాట. అపొస్తలుల కాలపు సంఘం ఈ విషయం గ్రహించింది కాబట్టే, విధవరాండ్రకు రోజూ జరిగే పంపకంలో తేడా వచ్చిందని ఫిర్యాదు రాగానే, ఆత్మతో నిండిన ఏడుగురిని ఆ పని మీద నియమించింది (అపొ.కా. 6:1-6). పరిచర్యలో మొట్టమొదటగా ప్రత్యేకంగా మనుషులను ఏర్పాటు చేసింది భోజనపు బల్లల దగ్గరే.

దీనికి తోడు మరొక బోధ మన సంఘాల్లో వేళ్లూనుకుంది. దేవునికి వెయ్యి ఇస్తే లక్ష ఇస్తాడని, కానుక విత్తనమని, పంట తప్పకుండా నూరంతలొస్తుందని చెప్పే బోధ అది. దేవుడు ఉదారంగా ఇచ్చేవాడన్నది నిజమే. కానీ రాబడి చూసుకుని పెట్టేది పెట్టుబడి, అర్పణ కాదు. ఆ విధవరాలికి మరునాడు సంచి నిండిందని ఏ సువార్తికుడూ రాయలేదు. ఆమెకు దొరికింది ప్రభువు మెప్పు, అదీ ఆమె చెవిన పడని మెప్పు. తిరిగి ఏం వస్తుందో చూసుకోకుండా ఇవ్వగలిగింది కాబట్టే అది సంపూర్ణమైంది.

భక్తిని లాభంతో ముడిపెట్టకూడదన్న పట్టుదల మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. 1876-78లో మద్రాసు రాజధానిని భయంకరమైన కరవు పట్టి పీడించినప్పుడు, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్న వేలాదిమందికి భిక్ష కాకుండా కూలి దొరికేలా చూశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎందరో అడిగినా, అన్నం కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదన్న తలంపుతో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరవు సాయం ముగిశాక, ఇక తన నుంచి ఏమీ దొరకదని స్పష్టంగా తెలిసి వచ్చిన వారికే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజునే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన పెద్దల్లో ఎందరో అలా ఏ లాభమూ చూసుకోకుండా ప్రభువు దగ్గరికి వచ్చినవారు. వారి మనవలకు ఈరోజు లాభాల పేరుతో సువార్త చెప్పవలసి రావడం ఎంత విచారకరం!

ఇక పూర్ణ హృదయమంటే ఏమిటో పాత నిబంధనలో దావీదు చూపించాడు. ఇశ్రాయేలులో తెగులు ఆగడానికి బలిపీఠం కట్టమని ప్రవక్త చెప్పినప్పుడు, దావీదు యెబూసీయుడైన అరౌనా కళ్లానికి వెళ్లాడు. అరౌనా రాజును చూసి, స్థలం తీసుకోండి, బలికి ఎడ్లను తీసుకోండి, కట్టెలకు ఈ నూర్చే సామాను, కాడి తీసుకోండి, అన్నీ ఉచితమే అన్నాడు. కళ్లం, ఎడ్లు రైతుకు ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. రాజు కాదంటే తప్పు పట్టేవారు లేరు. అయినా దావీదు, తనకు ఖర్చు లేనిదాన్ని దేవునికి అర్పించనని 50 తులముల వెండి తూచి ఇచ్చాడు (2 సమూయేలు 24:18-25). తరువాత సొలొమోను మందిరం కట్టింది ఆ స్థలంలోనే అని దినవృత్తాంతముల గ్రంథం చెబుతోంది (2 దిన. 3:1). దాదాపు వెయ్యేళ్ల తర్వాత అదే కొండ మీది ఆలయంలో ఆ విధవరాలి కాసులు పడ్డాయి. వెల చెల్లించనిది అర్పించనన్న రాజు, ఉన్నదంతా వెలగా చెల్లించిన పేదరాలు ఒకే నేల మీద దేవుని ముందు నిలిచారు.

దావీదు మాటలో మనకు మరో సంగతి కూడా కనిపిస్తుంది. ఇతరుల ఎడ్లతో బలి అర్పించి పేరు తెచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. కానీ ఇతరుల ఖర్చుతో మన భక్తి సాగించడం ఈ కాలంలో ఎంత తేలికైపోయింది! పనిమనిషి జీతం రెండు నెలలు ఆపి, క్రిస్మస్‌కు మందిరానికి రంగులు వేయించేవారున్నారు. కన్నవారికి పెట్టవలసింది దేవునికిచ్చేశామని చెప్పే కొర్బాను ఆచారాన్ని ప్రభువు ఎంత తీవ్రంగా ఖండించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో చదువుతాం. తల్లి మందుల డబ్బుతో వేసిన కానుక తల్లి త్యాగమవుతుంది గాని మన త్యాగం కాదు.

అయితే దేవుడు చిన్న కానుకలనే మెచ్చుకుంటాడనుకుంటే పొరపాటు. అదే వారంలో బేతనియలో మరియ జటామాంసి అత్తరు తెచ్చి ప్రభువు పాదాలకు పూసింది. మన ఆయుర్వేదంలో వాడే జటామాంసి హిమాలయాల ఎత్తు ప్రాంతాల్లో పెరిగే మొక్క. ఎన్ని వందల మైళ్లు దాటి ఆ ఊరు చేరిందో గానీ, దాని వెల 300 దేనారములకు తక్కువ కాదు. అంటే ఇంచుమించు ఒక కూలివాడి ఏడాది సంపాదన. విధవరాలి రెండు కాసులతో పోలిస్తే 19,200 రెట్లు! ఆ తేడా ప్రభువుకు కనబడలేదు. ఇద్దరిలోనూ ఆయనకు కనిపించింది ఒకటే. ఇద్దరూ తమ కోసం ఏమీ వెనక్కి దాచుకోలేదు. మార్కు సువార్త ప్రకారం అక్కడ అత్తరు బుడ్డి పగలగొట్టింది ఒక స్త్రీ (14:3). పగిలిన బుడ్డిలో రేపటికి కొంచెం దాచడం కుదరదు.

ఆ ఇంట్లో లెక్కలు చెప్పినవాడు యూదా. ఈ డబ్బు పేదలకిస్తే బాగుండేది కదా అన్నాడు. మాట నీతిగానే ఉంది. కానీ, అతనికి పేదలంటే పట్టింపు లేదని, డబ్బు సంచి అతని దగ్గరే ఉండేదని, అందులో వేసినవి అతను దొంగిలించేవాడని యోహాను దాపరికం లేకుండా రాశాడు (12:6). క్రైస్తవ సంఘ చరిత్రలో మొదటి కోశాధికారి లెక్క చెప్పనివాడు! దానికి ప్రభువు ఇచ్చిన జవాబును కొందరు పేదలను పట్టించుకోనవసరం లేదనడానికి వాడుకుంటారు. బీదలు ఎప్పుడూ మీతో ఉంటారన్న ఆ మాటకు మూలం ద్వితీయోపదేశకాండము 15:11. అక్కడ ఆ వాక్యం అంతటితో ఆగదు. కాబట్టి నీ సహోదరుడికి గుప్పిలి విప్పమని ఆజ్ఞాపిస్తుంది. ప్రభువు పాదాల దగ్గర బుడ్డి పగలగొట్టినవాళ్లే పేదవాడి దగ్గర గుప్పిలి విప్పగలరు.

సంపూర్ణ సమర్పణ, సంపూర్ణమైన లెక్క రెండూ కలిసి నడవాలని అపొస్తలుడైన పౌలు నేర్పించాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ఆయన చందా కూడబెట్టినప్పుడు, నిరుపేదలైన మాసిదోనియ సంఘాలు శక్తికి మించి ఇచ్చాయి. ఆయన వారిని బతిమాలలేదు, తమకూ ఇందులో పాలు కావాలని వారే ఆయన్ని బతిమాలారు. దానికి కారణం ఆయనే రాశాడు. వారు మొదట తమను తామే ప్రభువుకు ఇచ్చుకున్నారు (2 కొరింథీ 8:1-5). తమను తాము ఇచ్చుకున్నాక డబ్బు ఇవ్వడం పెద్ద విషయం కాలేదు. అదే అధ్యాయంలో పౌలు, ఒకరికి ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకారమవుతుందని, లేనిదాన్ని బట్టి కాదని కూడా చెప్పాడు. ఆ సొమ్మును తానొక్కడే మోసుకెళ్లకుండా, సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంట తీసుకెళ్లాడు. దేవుని దృష్టిలోనే గాక మనుషుల దృష్టిలో కూడా నిందకు తావుండకూడదనుకున్నాడు. అపొస్తలుడికే సాక్షులు అవసరమైతే, మన సంఘాల్లో ఏడాదికొకసారి లెక్కలు చదివి వినిపించమంటే నొచ్చుకోవడమెందుకు?

మొదట తమను తాము ఇచ్చుకున్నవారి ఆదర్శం మన తెలుగు నేల మీద కూడా ఉంది. 1903లో తమిళనాడులోని తిరునెల్వేలి విశ్వాసులు, విదేశీ సొమ్ముతో కాకుండా తమ సొంత కానుకలతో, తమ సొంత మనుషులతో సువార్త పంపాలని ఇండియన్ మిషనరీ సొసైటీని ప్రారంభించారు. వారు ఎంచుకున్న పొలం తమ భాష కాని, తమ ప్రాంతం కాని నిజాం సంస్థానంలోని డోర్నకల్. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య అప్పటికే వై.ఎం.సి.ఎ.లో మంచి పేరున్న కార్యదర్శి. ఇతరులను పంపి తాను కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ఆ ఉద్యోగం వదిలి, తెలుగు నేర్చుకుని, 1909లో డోర్నకల్ వచ్చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945లో ఆ డోర్నకల్ లోనే కన్నుమూశారు.

ఆయన అధ్యక్షతలోని విశ్వాసుల్లో అత్యధికులు ఊరి చివర గుడిసెల్లో ఉండే మాల, మాదిగ కూలీలు. వీళ్లేమివ్వగలరు, వీళ్ల దగ్గర అడగడమేమిటని ఆయన అనుకోలేదు. ఇవ్వడం పేదవాడికి బరువు కాదు, గౌరవమని నమ్మారు. ఎప్పుడూ చేయి చాచేవాడిగా చూసిన మనిషి, దేవుని ముందు చేయి పైన పెట్టి ఇచ్చేవాడిగా నిలబడితే అతని నడుం నిటారుగా అవుతుంది. క్రైస్తవ దానం గురించి అజరయ్య ఒక చిన్న పుస్తకమే రాశారు. హిందూ, ముస్లిం నిర్మాణ రీతుల అందాలను కలుపుకుని, ఏళ్ల తరబడి కట్టిన డోర్నకల్ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకొంది. పేదలను ఇవ్వమని అడిగే అర్హత ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? వారి నుంచి తాను ధనవంతుడు కాలేదు కాబట్టి, వారి మధ్యకు వచ్చి వారి కోసం తానే ముందు పోగొట్టుకున్నాడు కాబట్టి వచ్చింది. పిండుకోవడానికి, నేర్పించడానికి తేడా అదే.

పేద ఇల్లు ఎలా ఇస్తుందో చూడాలంటే మన దేశంలోనే మిజోరం ఉంది. అక్కడ 1910 నుంచి క్రైస్తవ స్త్రీలు ఒక ఆచారం పాటిస్తున్నారు. వంటకు బియ్యం కొలిచే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని కోసం వేరే డబ్బాలో వేస్తారు. దాని పేరు బుహ్‌ఫాయ్ థామ్, అంటే పిడికెడు బియ్యం. సంఘ స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం కూడబెట్టి అమ్మి, వచ్చిన సొమ్మును పరిచర్యకు ఇస్తారు. ఇది మొదలైన మరుసటి ఏడాదే అక్కడి కొండల్లో వెదురు పూసి, ఎలుకలు పెరిగిపోయి, పంటలు నాశనమై ఘోరమైన కరవు వచ్చింది. పిడికెడు బియ్యం ఆ కరవుతో ఆగిపోలేదు. వందేళ్లు దాటి, ఈనాడు ఏటా కోట్ల రూపాయలై, ఎందరో మిషనరీలను పోషిస్తోంది. ఇందులో ఎవరినీ పిండింది లేదు. ఎవరి పేరూ చదివింది లేదు. పెద్ద కుటుంబం పెద్ద ఎసరు పెడుతుంది, ఒంటరి ముసలమ్మ చిన్న ఎసరు పెడుతుంది, పిడికిలి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ పూట తినే అన్నంలో ఆ పిడికెడు తగ్గుతుంది. దాన్ని త్యాగమనాలి.

మన ఊళ్లలోనూ అలాంటి అలవాట్లు లేకపోలేదు. కోత పండుగకు తొలి పంట, గుమ్మడికాయ, కోడిపెట్ట, గంపెడు గుడ్లు మందిరానికి తెచ్చే సంప్రదాయం చాలాచోట్ల ఇప్పటికీ ఉంది. కానీ ఆ తరువాత జరిగే వేలంపాటలో ఏం జరుగుతోందో కాస్త ఆలోచించాలి. పది మంది చూస్తుండగా గుమ్మడికాయను పదివేలకు పాడినవారికి చప్పట్లు, నాలుగు గుడ్లు తెచ్చిన కూలి తల్లి పేరు ఎవరికీ తెలియదు. ఫ్యాను రెక్కల మీద, బల్లల వెనుక, గోడల మీది పాలరాతి పలకల మీద దాతల పేర్లు. విధవరాలి కాసుల దగ్గర నిలబడి ఆలయపు అర్పితాలను పొగిడినవాళ్ల చూపు ఇంకా మనలో పోలేదు.

మా మనవి ఏమిటంటే, ఆ విధవరాలి కథను ఇక నుంచి కలిగినవారమే మన కోసం చదువుకుందాం. స్థిరమైన జీతమున్నవారు, పొలాలున్నవారు, అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ ఊరి మందిరానికి డబ్బు పంపేవారు, ఎంత ఇచ్చామని కాకుండా ఇచ్చాక మా జీవితంలో ఏం తగ్గిందని తమను తాము అడగాలి. ఏమీ తగ్గకపోతే మనమింకా పొంగిపొర్లే దానిలోంచే ఇస్తున్నాం. డబ్బుతో తేలిగ్గా తప్పించుకోగలిగినవారు తమ సమయం ఇచ్చి చూడాలి. ఆసుపత్రిలో ఉన్న విశ్వాసి మంచం పక్కన ఒక రాత్రి కూర్చోవడం, సెలవు రోజున పేటలోని పిల్లలకు చదువు చెప్పడం కొందరికి లక్ష రూపాయలకంటే ఖరీదైన అర్పణ.

సంఘాన్ని నడిపించే పెద్దలకు, సేవకులకు కూడా ఒక మాట. సంచిలో ఎంత వచ్చిందో ఆదివారం సాయంత్రమే లెక్కపెడతాం. అదే శ్రద్ధతో, ఆ సంచిలో కాసులు వేసిన ఒంటరి తల్లి ఇంట్లో ఈ వారం బియ్యమున్నాయో లేదో కనుక్కోగలమా? కొన్ని సంఘాలు నెలకొకసారి సొమ్ములో కొంత భాగం విధవరాండ్రకు, వృద్ధులకు పక్కన పెడుతున్నాయి. ఎవరికీ తెలియకుండా సరుకులు ఇంటికి చేరుస్తున్నాయి. పౌలు తిమోతికి రాసినట్టు నిజంగా ఒంటరివారైన విధవరాండ్రను ఆదరించడం సంఘానికి అదనపు పుణ్యకార్యం కాదు, దాని బాధ్యత (1 తిమోతి 5:3-16). ఇది చేయగలిగిన సంఘమే ఆ రెండు కాసులను చేతిలోకి తీసుకోవడానికి అర్హమైనది. చేయలేనిది, అవే కాసులను వెనక్కి ఇచ్చి దండం పెట్టడం మేలు.

ఇన్ని చెప్పాక, ఎవరూ ఆ తల్లిని అమాయకురాలని జాలిపడనక్కరలేదు. దేవాలయాన్ని నడుపుతున్నవాళ్లు ఎలాంటివాళ్లో ఆమెకు తెలియదనుకుంటున్నామా? ఇల్లు పోగొట్టుకున్నవారికి, ఇల్లు మింగినవారెవరో ఇతరులకంటే బాగా తెలుస్తుంది. అయినా ఆమె వేసింది వాళ్లకు కాదు, దేవునికి. మనుషులు నమ్మకద్రోహం చేశారని దేవుని మీద తన ప్రేమను ఆమె తగ్గించుకోలేదు. అందుకే ప్రభువు ఆమెను చూసి చలించాడనిపిస్తుంది. కొద్ది రోజుల్లో ఆయన కూడా తన జీవమంతా ఇవ్వబోతున్నాడు, అదీ తనను అమ్ముకున్నవాళ్ల కోసం, ఎగతాళి చేసేవాళ్ల కోసం, పారిపోయేవాళ్ల కోసం. ఆయన ధనవంతుడై ఉండి మన కోసం దరిద్రుడయ్యాడు. సిలువ మీద ఆయన చేతిలో మిగిలింది ఏమీ లేదు, వేసుకున్న వస్త్రం కూడా చీట్లకు పోయింది.

వచ్చే ఆదివారం సంచి మన వరుసలోకి వచ్చినప్పుడు, ఎదురుగా ఒకాయన కూర్చుని చూస్తున్నాడని గుర్తుంచుకుందాం. ఆయన చేతులకు మేకుల గాయాలున్నాయి. ఆయన మన గుప్పిట్లోని నోటును కాదు, మన ఇంటిని, మన నెలను, మన మనసును చూస్తున్నాడు. మొదట మనల్ని మనం ఇచ్చుకుంటే, ఆ తర్వాత సంచిలో ఎంత వేయాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.